చెరువు ఒడ్డున ప్లాటు: ముందు గీత, తర్వాతే ఇల్లు

మా తమ్ముడు హైదరాబాద్ శివారులో కొన్న ప్లాటు 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. గజాల్లో 267. ముందు 30 అడుగుల రోడ్డు, వెనక చెరువు. కొన్నది ఏప్రిల్‌లో. అప్పుడు వెనక చెరువంటే ఎక్కడో దూరంగా మెరిసే ఒక చారిక, ఆ చారికకూ మాకూ మధ్య తుమ్మచెట్లు, ఎండుగడ్డి, మేస్తున్న బర్రెలు. అమ్మినాయన “సాయంత్రం గాలి చూడండి సార్” అన్నాడు. గాలి సంగతి నిజమే. ఆ స్థలంలో ఇంటికి అనుమతి చేతికి వచ్చేసరికి మాత్రం రెండు వానాకాలాలు గడిచిపోయాయి. ఆ తిరుగుళ్లలో ఏ పని ముందు చేయాలో, ఏది వెనక చేయాలో కొంత తెలిసింది. మీ ప్లాటు కూడా చెరువు పక్కదే అయితే కింద చెప్పే వరుసలో వెళ్లండి. మేము వెళ్లిన వరుస తలకిందులది, అందుకే అంత కాలం పట్టింది.

ఇక్కడ చెప్పేది హైదరాబాద్, దాని చుట్టూ ఉన్న హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధి లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2017 భవన నిబంధనలు విడిగా ఉన్నాయి, అక్కడివారు ఆ పుస్తకం తీసుకోవాలి.

మొదట: మీరు చూస్తున్న నీటి అంచు చెరువు అంచు కాదు

ప్రభుత్వం దృష్టిలో చెరువు అంటే ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటిమట్టం. చెరువు నిండి, మత్తడి మీదుగా నీరు పొర్లడం మొదలయ్యే క్షణంలో నీరు ఎంత ఎత్తున ఉంటుందో ఆ మట్టం. మత్తడి అన్నా, అలుగు అన్నా పని ఒకటే. ఆ మట్టాన్ని చెరువు చుట్టూ నేల మీదికి తీసుకువస్తే ఒక గీత వస్తుంది. ఆ గీత లోపలిది చెరువు, అందులో ఈ ఏడు చుక్క నీరు లేకపోయినా సరే.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక చిన్న లెక్క. మన చెరువుల వెనక నేల చాలా మెల్లగా ఎక్కుతుంది. నూరడుగులు నడిస్తే ఒక్క అడుగు ఎత్తు పెరిగే నేల అనుకోండి. మట్టం లెక్కలో అర అడుగు తేడా వస్తే గీత 50 అడుగులు జరుగుతుంది. మీ ప్లాటు లోతే 60 అడుగులు! కాబట్టి “సుమారుగా ఇక్కడిదాకా” అని చేయి చూపించి చెప్పేవారి మాట ఎవరిదైనా, వాళ్లు ఎంత పెద్దవారైనా, మర్యాదగా విని ఊరుకోండి.

రెండు: చెరువు ఎన్ని ఎకరాలు?

2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, భవన నిర్మాణ నిబంధనలకు మూలం. అందులో మూడో నిబంధన నీటి వనరుల గురించి. మీరు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోవలసినది ఆ ఒక్క పేజీ. సారాంశం ఇది: ఎఫ్‌టీఎల్ లోపల ఏ కట్టడమూ కుదరదు. ఎఫ్‌టీఎల్ గీత బయట కూడా కొంత మేర బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ పట్టీ, వదలాలి. చెరువు 10 హెక్టార్లు, అంతకంటే పెద్దది అయితే 30 మీటర్లు. అంతకు తక్కువ అయితే 9 మీటర్లు. చెరువులోకి వచ్చే, చెరువు నుంచి పోయే కాలువ, వాగు, నాలా 10 మీటర్ల కంటే వెడల్పయితే దాని హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్లలోపు అయితే 2 మీటర్లు. ఈ నాలా సంగతి చాలామంది మరచిపోతారు. చెరువుకు దూరంగా ఉన్నామని సంబరపడే ప్లాటు పక్కనుంచే వరద కాలువ పోతుంటుంది.

10 హెక్టార్లంటే 24 ఎకరాల 28 గుంటలు. 30కీ 9కీ మధ్య తేడా 21 మీటర్లు, దాదాపు 69 అడుగులు. మా ప్లాటు భవిష్యత్తు అంతా ఈ ఒక్క ప్రశ్న మీద ఆడింది. అమ్మినాయన పహాణీ (రెవెన్యూ వారి భూమి రికార్డు) నకలు చూపించి “శిఖం 19 ఎకరాలే, 9 మీటర్లు వదిలితే చాలు, అది కూడా మీ ప్లాటు దాకా రాదు” అన్నాడు. అబద్ధం చెప్పలేదు. పహాణీలో 19 ఎకరాలే ఉంది. కానీ అది ప్రభుత్వ శిఖం భూమి, అంటే చెరువు అడుగు భూమి, విస్తీర్ణం. చెరువు నిండినప్పుడు ఆ శిఖాన్ని దాటి చుట్టుపక్కల పట్టా భూముల్లోకీ నీరు వస్తుంది. శిఖం పట్టా అని విని ఉంటారు: నీరు తగ్గినప్పుడు పంట వేసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు. బఫర్ లెక్కకు చూసేది ఎఫ్‌టీఎల్ వద్ద నీరు పరుచుకునే మొత్తం విస్తీర్ణాన్ని. మా చెరువుకు అది 27 ఎకరాలు అని తేలింది. 9 మీటర్ల ప్లాటు ఒక్క కాగితంతో 30 మీటర్ల ప్లాటు అయింది.

అందుకని చెరువు విస్తీర్ణం పహాణీలో వెతకకండి. హెచ్ఎండీఏ తన పరిధిలోని చెరువులకు సర్వే చేయించి, పటాలతో సహా నోటిఫికేషన్లు ఆన్‌లైన్‌లో పెట్టింది. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే చెరువు పేరు, దాని గుర్తింపు సంఖ్య, పటం వస్తాయి. ఒకే ఊళ్లో రెండు ఊరచెరువులు, మూడు కుంటలు ఉంటాయి కాబట్టి పేరు చూసి తృప్తి పడకుండా సర్వే నంబరు సరిపోల్చండి. నోటిఫికేషన్ ప్రాథమికమా, తుదిదా అన్నది కూడా చూడాలి. ప్రాథమికం అయితే అభ్యంతరాలు విన్నాక గీత మారవచ్చు. మీకు అన్యాయం జరిగిందనిపిస్తే, దస్త్రాలు ఉంటే, రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవలసిన సమయం అదే. తుది నోటిఫికేషన్ వచ్చాక గీతను కదిపించడం కొండను కదపడమే.

మూడు: కాగితాలు, ముఖ్యంగా మీకు చూపించనివి

సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీల పత్రం) ఎలాగూ చూస్తారు. రిజిస్ట్రేషన్ అయింది కదా అన్న ధీమా మాత్రం వద్దు. ఆస్తి చేతులు మారిందని చెప్పేది రిజిస్ట్రేషన్. ఆ ఆస్తిలో ఏం కట్టవచ్చో చెప్పేది ప్లానింగ్ విభాగం. వీళ్ల లెక్క వాళ్లకు పట్టదు.

చెరువు పక్క స్థలానికి అదనంగా తెప్పించుకోవలసినవి ఉన్నాయి. ఊరి నక్షా ఒకటి. పాత నక్షాలో చెరువు, కట్ట, తూము, మత్తడి, వాగు అన్నీ గుర్తులతో ఉంటాయి. నా అనుభవంలో కొత్త కాగితాలన్నిటికంటే ఈ పాత పటమే నిజాయితీపరుడు. దానితో పాటు సర్వే నంబరు టిప్పన్ (కొలతల పటం), 1954-55 ఖాస్రా పహాణీ తీసుకోండి. మీ సర్వే నంబరు ఎదురుగా శిఖం, తలాబ్, కుంట అనే మాట ఎక్కడైనా ఉంటే అక్కడితో ఆగి న్యాయవాదిని కలవండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఆ నంబరు ఉందేమో కూడా చూడండి.

తర్వాత మాస్టర్ ప్లాన్. హెచ్ఎండీఏ నుంచి భూ వినియోగ ధ్రువపత్రం తీసుకుంటే మీ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉందా, కన్జర్వేషన్ జోన్‌లో ఉందా, నీటి వనరుగా చూపించారా అన్నది రాసి ఇస్తారు. ఒకే సర్వే నంబరులో సగం నివాసం, సగం నీటి వనరు ఉండడం చెరువుల దగ్గర మామూలే. అప్పుడు నంబరు చెబితే సరిపోదు, పటం మీద ప్లాటును గుర్తించి అడగాలి.

మీది ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఎగువ ప్రాంతం అయితే ఇంకో అధ్యాయం ఉంది. 1996 నాటి జీవో 111 ఆ రెండు జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చి అందులోని ఆంక్షల పేరాను ఎత్తివేసింది. “111 పోయింది కదా” అని అక్కడ ప్లాట్లు అమ్మేవారు హుషారుగా చెబుతారు. 111 సంగతి ఏమైనా ఎఫ్‌టీఎల్, బఫర్ ఎక్కడికీ పోలేదు.

లేఅవుట్ హెచ్ఎండీఏ ఆమోదించినదైతే పని సగం తేలిక, ఎందుకంటే చెరువు గీత, బఫర్ లేఅవుట్ పటంలోనే గీసి ఉంటాయి. మాది పాత గ్రామ పంచాయతీ లేఅవుట్. సర్పంచ్ ముద్ర గుండ్రంగా, చక్కగా ఉంది గానీ దానికి విలువ లేదు. 2020లో పెట్టిన ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు అప్పటికి అలాగే ఉంది. చెరువుకు దగ్గరగా ఉన్న ప్లాట్లను నీటిపారుదల, రెవెన్యూ శాఖల పరిశీలనకు పంపారు, అక్కడ ఆగింది. మీదీ ఇలాంటిదే అయితే ఇంటి అనుమతి కంటే ముందు ఎల్ఆర్ఎస్ తేల్చుకోవాలి. ఎఫ్‌టీఎల్ లోపలి ప్లాటు క్రమబద్ధం కాదు, రుసుము కడతానన్నా కాదు.

కాగితాలు చూస్తున్నప్పుడే మరో పని, ఖర్చు లేనిది. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి, పాత చిత్రాలు చూపించే పట్టీని వెనక్కి జరుపుతూ పోండి. ఎండాకాలం చిత్రాలు వదిలేసి, అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య తీసినవి చూడండి. మీ ప్లాటు మీద ఏ ఏడాదిలోనైనా నీరు కనిపించిందా, పచ్చటి తుంగ కనిపించిందా, ఆ తర్వాతి చిత్రంలో ఎర్రమట్టి పరిచి ఉందా? అధికారులు కూడా ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలే ముందు పెట్టుకుంటున్నారు. వాళ్లు చూసే బొమ్మ మీరు ముందే చూసి ఉండడం మంచిది.

నాలుగు: మీ సొంత సర్వే

ప్రభుత్వ సర్వే ఎలాగూ ఉంటుంది, మళ్లీ మన ఖర్చుతో ఎందుకు అని మా తమ్ముడు గొణిగాడు. ఎందుకంటే, అధికారులు వచ్చి గీత గీసే రోజున ఆ గీత సరైనదో కాదో చెప్పగల స్థితిలో మీరు ఉండాలి. లైసెన్సు ఉన్న సర్వేయర్‌ను పెట్టుకోండి. ప్లాటు కొలిచి నాలుగు రాళ్లు పాతేవాడు కాదు, చెరువు మట్టాలు తీసిన అలవాటున్నవాడు కావాలి. “మొదట ఎక్కడికి వెళ్తారు?” అని అడగండి. “మీ ప్లాటుకు” అంటే వేరొకరిని చూసుకోండి. “మత్తడి దగ్గరికి” అంటే మీకు కావలసిన మనిషి ఆయనే.

మేము ఉదయం ఏడింటికే మత్తడి చేరుకున్నాం. పాత రాతి కట్టడం, నాచు పట్టి నల్లగా ఉంది. ఒక పక్క దాని పైవరస రాళ్లు ఊడిపోయి, మూరెడు లోతున గండి పడి ఉంది. ఆ గండిలోంచి నీరు ఎప్పుడో పోతుంది కాబట్టి మామూలు వానలకు చెరువు నిండినట్టు పదేళ్లుగా ఎవరికీ కనిపించలేదు! సర్వేయర్ గండిని పట్టించుకోకుండా, చెక్కుచెదరని రాతి తలపై కొలత కర్ర నిలబెట్టించి రీడింగు తీసుకున్నాడు. “పగిలిన చోట కొలిస్తే మీకు లాభమే సార్, కానీ ఆఫీసులో నిలవదు. వాళ్ల దగ్గర మత్తడి అసలు మట్టం రాసి ఉంటుంది” అన్నాడు. తర్వాత నీటిపారుదల శాఖ దస్త్రంలో ఉన్న అంకెతో పోల్చితే ఆయన కొలత రెండు అంగుళాల లోపు తేడాతో సరిపోయింది. కొన్ని చోట్ల ఇందుకు తిరుగుడు జరుగుతుంది: ఎక్కువ నీరు నిలవాలని మత్తడి మీద సిమెంటు వరస పోసి ఉంటారు. ఎటైనా, దస్త్రంలోని మట్టం అడిగి తెలుసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి.

మత్తడి నుంచి మట్టం మోసుకుంటూ మా ప్లాటు వెనక్కి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం దగ్గర సర్వేయర్, ప్రిజం కర్ర పట్టుకుని తుమ్మల మధ్య ఆయన సహాయకుడు. “ఇంకొంచెం వెనక్కి... చాలు, అక్కడే” అన్నప్పుడల్లా ఒక మేకు దిగింది. బర్రెలు తోలుకువచ్చిన పెద్దాయన ఒకరు ఈ తతంగం కాసేపు చూసి, “దేనికి బిడ్డా ఇంత కష్టం? నా చిన్నప్పుడు ఆ వేపచెట్టు మొదలు తడిసిందంటే మత్తడి దూకుతున్నట్టే” అన్నాడు. ఆఖరి మేకు వేపచెట్టుకు నాలుగడుగుల దూరంలో పడింది. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు: “2020 దసరా ముందు వానలకు మాత్రం మీ రాయి దాకా వచ్చాయి నీళ్లు.” రాయి అంటే మా వెనక సరిహద్దు రాయి. ఈ మాట గుర్తుంచుకోండి, ఇల్లు కట్టేటప్పుడు దీనితో పని ఉంది.

సర్వే అయ్యాక మీ చేతికి రావలసింది ఒక్క పటం: మీ ప్లాటు నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, ఎఫ్‌టీఎల్ గీత, దాని నుంచి బఫర్ గీత, ప్లాటులో ఏ గీత లోపల ఎన్ని చదరపు మీటర్లు పడ్డాయో లెక్క. మాకు ఎఫ్‌టీఎల్ వెనక సరిహద్దుకు 80 అడుగుల అవతల ఆగింది. 30 మీటర్లంటే 98 అడుగుల పైచిలుకు. అంటే ప్లాటు వెనక 18 అడుగులు బఫర్‌లోకి వెళ్లాయి. ఆ రాత్రి తమ్ముడు అన్నం సరిగా తినలేదు.

ఐదు: ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)

నిబంధన ప్రకారం ఎఫ్‌టీఎల్‌ను నిర్ధారించవలసినవి నీటిపారుదల, రెవెన్యూ శాఖలు. కాబట్టి దరఖాస్తు రెండు వైపులా నడవాలి. నీటిపారుదల వైపు ఇంజినీర్లు, రెవెన్యూ వైపు తహసీల్దారు, మండల సర్వేయర్. కలిసి స్థలానికి వచ్చి, చూసి, స్కెచ్ వేసి సంతకాలు చేస్తారు. కలిసి రావడం అన్నది ఇందులో కష్టమైన భాగం. ఒకరికి తీరిక ఉన్న రోజు ఇంకొకరికి వీడియో కాన్ఫరెన్స్ ఉంటుంది. మా ఫైలు ఒక కార్యాలయంలో ఏడు వారాలు కదలలేదు, కారణం అడిగితే పాత అధికారి బదిలీ, కొత్త అధికారి శిక్షణ. దీనికి నా దగ్గర మంత్రం ఏమీ లేదు. వారానికోసారి, అదే రోజు, అదే సమయానికి వెళ్లి, దరఖాస్తు నంబరు చెప్పి, మర్యాదగా కూర్చునేవాణ్ని. నాలుగో వారానికి అటెండరు నన్ను చూడగానే ఫైలు నంబరు తానే చెప్పేవాడు.

వాళ్లు వచ్చే రోజుకు మీ సర్వేయర్‌ను కూడా రప్పించండి. మేకులు కనిపించేలా ఎర్ర గుడ్డ కట్టండి, తుప్పలు కొట్టించండి. పటం నాలుగు నకళ్లు తీసి అందరికీ ఇవ్వండి. వాదన పెట్టుకోవద్దు. తేడా వస్తే మత్తడి మట్టం దగ్గర మొదలుపెట్టి అంకెల మీద మాట్లాడండి. వచ్చిన కాగితంలో మూడు సంగతులు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి: గుర్తింపు సంఖ్యతో సహా చెరువు పేరు; సర్వే నంబరుతో సహా మీ ప్లాటు; ఎఫ్‌టీఎల్, బఫర్ గీతలు వేసి సంతకం పెట్టిన స్కెచ్. “ఎఫ్‌టీఎల్‌లో లేదు” అని ఒక వాక్యం రాసి స్కెచ్ లేకుండా ఇచ్చిన ఎన్‌ఓసీలు చూశాను. బఫర్ మాట ఎత్తని ఆ కాగితం రేపు మిమ్మల్ని కాపాడదు.

“పక్కింటికి ఇచ్చారుగా” అన్న వాదన ఎక్కడా చెల్లదు. ఆయన ఎన్‌ఓసీ నకలు అడిగి చూడండి, ఉంటే పనికొస్తుంది. చాలాసార్లు ఉండదు.

ఆరు: మిగిలిన జాగాలో ఇల్లు

మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మొదటి ఇంజినీరు వెనక 18 అడుగుల బఫర్‌ను చూసి, “వెనక సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలవలసిన జాగా) ఇందులోనే వచ్చేసింది, ఇక వదలక్కర్లేదు” అని బఫర్ గీతకు గోడ ఆనించి ప్లాను వేశాడు. ఫైలు వెనక్కి వచ్చింది. జీవో 168లోనే ఉంది: బఫర్‌ను ఖాళీ స్థలం లెక్కలో చూపుకోవచ్చు గానీ సెట్‌బ్యాక్ లెక్కలో చూపుకోకూడదు. సెట్‌బ్యాక్ బఫర్ గీత నుంచి మళ్లీ మొదలవుతుంది.

లెక్క ఇలా వచ్చింది. లోతు 60 అడుగుల్లో 18 పోతే 42. ముందు 2 మీటర్లు, వెనక బఫర్ గీత నుంచి 1.5 మీటర్లు, కలిపి పదకొండున్నర అడుగులు. మిగిలింది ముప్పై అడుగులు. వెడల్పు 40లో రెండు పక్కలా ఒకటిన్నర మీటరు పోతే అదీ ముప్పై. ముప్పైకి ముప్పై, అంతస్తుకు 900 చదరపు అడుగులు. 200 నుంచి 300 చదరపు మీటర్ల ప్లాటు, 10 మీటర్ల లోపు ఎత్తు, ముందు 12 మీటర్ల లోపు రోడ్డు ఉన్నప్పటి లెక్క ఇది. మీ ప్లాటు పరిమాణాన్ని బట్టి, రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది.

అడ్డంగా పరుచుకున్న ఇల్లు అనుకున్న మరదలు మొదట చిన్నబుచ్చుకుంది. తర్వాత మేడమీద వంటగది పెట్టించుకుంది, కిటికీ చెరువు వైపు.

అమెరికాలో ఉండి ఫోనులో ప్లాటు బేరమాడే మనవాళ్లకు ఒక మాట. అక్కడ చెరువు ఒడ్డు స్థలం ఇరుకైతే స్థానిక జోనింగ్ బోర్డు ముందు కష్టం చెప్పుకుని మినహాయింపు అడగవచ్చు, వేరియన్స్ అంటారు, ఇరుగుపొరుగును పిలిచి విచారణ జరుపుతారు. ఆ అలవాటుతో ఇక్కడ “ఏదో ఒకటి సర్దుతారులే” అనుకోకండి. ఎఫ్‌టీఎల్, బఫర్ విషయంలో ఇక్కడి టౌన్ ప్లానింగ్ అధికారి చేతిలో అలాంటి సడలింపు లేదు. ఉందని చెప్పేవాడు మీ దగ్గర దేనికి డబ్బు తీసుకుంటున్నాడో ఆలోచించండి.

ఏడు: దరఖాస్తు

2020లో టీఎస్-బీపాస్‌గా మొదలైన ఆన్‌లైన్ విధానం తర్వాత టీజీ-బీపాస్ అయింది, 2025లో బిల్డ్‌నౌ వచ్చింది. పేరు మారినా ఇరుసు మారలేదు: మీ మాటే మీ హామీ. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటు, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. చెరువు పక్క ప్లాటుకు ఇదే ఉచ్చు. స్థలం నీటి వనరు, బఫర్ పరిధిలో లేదని మీరే సంతకం చేస్తున్నారు. గబగబా గళ్లలో టిక్కులు పెట్టి, తెరమీద పచ్చ అక్షరాలు చూసి పునాది తవ్వినవాళ్లు ఉన్నారు. ధ్రువీకరణ తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం బీపాస్ చట్టంలో ఉంది.

కాబట్టి ఎన్‌ఓసీ, సంతకాల స్కెచ్ చేతికి వచ్చాకే ఈ మెట్టు ఎక్కండి. ప్లానులో ఎఫ్‌టీఎల్ గీత, బఫర్ గీత రెండూ గీయించండి, దాచవద్దు. బఫర్ భాగం మీద “ఖాళీ, పచ్చదనం” అని రాయించండి. వ్యవసాయ భూమిగా ఉన్న సర్వే నంబరు అయితే వ్యవసాయేతర భూమిగా మార్చిన నాలా పత్రం (ఇది కాలువ నాలా కాదు), పాత లేఅవుట్ అయితే ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్ జతచేయండి. ఇంటి అప్పు కావాలంటే బ్యాంకు వారి న్యాయవాది కూడా ఇవే అడుగుతాడు.

ఎనిమిది: గీత మీ ప్లాటును మింగేస్తే

ప్లాటు మొత్తం ఎఫ్‌టీఎల్‌లో పడితే ఇల్లు లేదు. అంతే. మట్టి పోసి ఎత్తు పెంచితే గీత జరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎఫ్‌టీఎల్ పాత మట్టం ప్రకారమే ఉంటుంది, మట్టి పోయడం మరో నేరం అవుతుంది. మొత్తం బఫర్‌లో పడితే అక్కడా కట్టడం కుదరదు, తోట వేసుకోవచ్చు. సగం పడితే మాలాగా మిగిలిన సగంలో చూసుకోవాలి. అమ్మినవాడు దాచి అమ్మాడని రుజువు చేయగలిగితే డబ్బు వెనక్కి కోరే దారి సివిల్ కోర్టులో ఉంది, ఆలస్యం చేయకుండా వెళ్లండి. చెరువు అభివృద్ధికి స్థలం అప్పగిస్తే బదులుగా టీడీఆర్ (వేరే చోట వాడుకునే, అమ్ముకునే నిర్మాణ హక్కు) ఇచ్చే ఏర్పాటు నిబంధనల్లో ఉంది, మీ చెరువుకు అలాంటి పథకం ఉందేమో హెచ్ఎండీఏలో విచారించండి.

2024 జులైలో జీవో 99తో హైడ్రా, అంటే హైదరాబాద్‌లో చెరువులను, ప్రభుత్వ ఆస్తులను కాపాడే సంస్థ, ఏర్పడ్డాక పరిస్థితి మారింది. ఆ ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట పక్కనున్న కన్వెన్షన్ హాలును పడగొట్టినప్పుడు ఊరంతా టీవీ ముందు కూర్చుంది. అదే ఏడాది నవంబర్‌లో సుప్రీంకోర్టు కూల్చివేతలకు 15 రోజుల నోటీసు తప్పనిసరి అని తీర్పు ఇచ్చింది. దాన్ని పట్టుకుని “ఇక ఇబ్బంది లేదు” అనేవారు తీర్పు మొత్తం చదవలేదు: రోడ్లు, కాలిబాటలు, రైలు మార్గాల పక్క, నదులు, నీటి వనరుల్లోని అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని తీర్పులోనే ఉంది.

తొమ్మిది: పునాది తీసేటప్పుడు

మేస్త్రీ ముగ్గు పోసే రోజు సర్వేయర్‌ను మళ్లీ పిలవండి. బఫర్ గీత మీద రెండు చివరలా రాళ్లు పాతించి, సున్నం వేయించి, ఫొటోలు తీసుకోండి. ప్రహరీ కూడా కట్టడమే, కాబట్టి వెనక గోడ బఫర్ గీత దగ్గరే ఆగాలి. సెప్టిక్ ట్యాంకు, సంపు, బోరు, జనరేటర్ గది అన్నీ గీతకు ఇవతలే. మేస్త్రీలకు ఖాళీ జాగా కనిపిస్తే చేయి ఊరుకోదు. నేను ఒక ఆదివారం వెళ్లకపోయేసరికి సెప్టిక్ ట్యాంకు గుంత గీతకు అవతల తవ్వేశారు, పూడ్పించి ఇవతల తవ్వించాను.

పెద్దాయన మాట ఇక్కడ పనికి వచ్చింది. ఎఫ్‌టీఎల్ అంటే మత్తడి తల మట్టం. పెద్ద వానకు మత్తడి మీద అడుగు, రెండడుగుల మందాన నీరు పారుతున్నప్పుడు చెరువులో నీరు ఎఫ్‌టీఎల్‌కు పైన ఉంటుంది. దాన్ని గరిష్ఠ నీటిమట్టం అంటారు. అనుమతి ఎఫ్‌టీఎల్ చూసి వస్తుంది, వరద మాత్రం గరిష్ఠ మట్టం చూసి వస్తుంది. నీటిపారుదల శాఖ దస్త్రంలో ఆ అంకె కూడా ఉంటుంది, ఎన్‌ఓసీ కోసం వెళ్లినప్పుడే రాసుకోండి. మీ గచ్చు మట్టం దానికి కనీసం రెండడుగుల పైన ఉండేలా పునాది లేపించండి. సెల్లారు ఆలోచన మానుకోండి. సంపు మూత నేల మట్టానికి కాకుండా గచ్చు మట్టానికి పెట్టించండి, లేకపోతే వరద రోజున మొదట పాడయ్యేది తాగేనీరే. చెరువు పక్క తరచు నల్లరేగడి తగులుతుంది, మట్టి పరీక్ష చేయించకుండా పక్కింటి పునాది లోతు కాపీ కొట్టవద్దు.

ఇల్లు పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారం కట్టారు, ఇక ఉండవచ్చు అనే పత్రం) తీసుకోండి. ఆ తనిఖీకి వచ్చిన అధికారి మా ఇంటి లోపలికి రాకముందే నేరుగా వెనక్కి నడిచి, సున్నం రాళ్లు ఎక్కడున్నాయో చూశాడు. ఒక రాయి మీద మరదలు తులసి కుండీ పెట్టింది. కుండీ పక్కకు జరిపి, రాయి మీది గుర్తు చూసి, టేపు తీశాడు.